పూస జరగలేదు, పట్టేసింది: ఒళ్ళు నొప్పులకు ఆస్టియోపతి ఎంతవరకు?

జుమ్మా రోజు కువైట్‌లోని ఫింటాస్‌లో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే జీతం, ఇకామా (నివాస అనుమతి), ఊరి సంగతుల తర్వాత వచ్చే మాట ఒళ్ళు నొప్పులే. పక్కనున్న మహబూలా, అబూ హలీఫా, మంగాఫ్‌లలోనూ అంతే. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వచ్చి ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకు నడుము, మోకాళ్ళు, మణికట్లు. రోజంతా స్టీరింగు పట్టుకునే డ్రైవర్లకు మెడ, నడుము. వంటశాలల్లో గంటల తరబడి నిలబడేవాళ్ళకు మడమలు, పిక్కలు. గోడౌన్లలో, కట్టడాల దగ్గర బరువులు మోసేవాళ్ళకు భుజాలు.

సూట్‌కేసులో తెచ్చుకున్న అమృతాంజనం, జండూబామ్, నొప్పి బిళ్ళలతో కొన్నాళ్ళు నెట్టుకొస్తారు. ఆపైన ఎవరో ఒకరు “పూస జరిగినట్టుంది, ఎవరిచేతనైనా లాగించుకో” అని సలహా ఇస్తారు. ఊళ్ళో అయితే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళను పిలిచి నడుము తొక్కించుకోవడం, పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకోవడం ఉన్నాయి. కువైట్‌లో దారి ప్రైవేటు క్లినిక్‌ల వైపు తిరుగుతుంది. అక్కడ ఫిజియోథెరపీ, కైరోప్రాక్టిక్‌లతో పాటు ఆస్టియోపతి అనే పేరూ వినబడుతుంది. మందు లేకుండా, కోత లేకుండా, చేతులతోనే కండరాల నొప్పినీ కీళ్ళ నొప్పినీ తగ్గించే పద్ధతి అనగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. దినార్లు ఖర్చుపెట్టే ముందు ఆ ఆశలో నిజమెంతో చూసుకోవాలి.

క్లుప్తంగా జవాబు ఇదీ. నడుము, మెడ నొప్పుల్లో ఆస్టియోపతి కొంతమందికి ఉపశమనం ఇస్తుంది. అది సాధారణంగా కొద్దికాలమే ఉంటుంది. ఆ కొద్దికాలంలో మనిషి మళ్ళీ కదలడం, కండరాలకు బలం తెచ్చుకోవడం మొదలుపెడితే మేలు నిలుస్తుంది. పడుకుని మళ్ళీ వైద్యుడి చేతుల కోసం ఎదురుచూస్తే డబ్బు పోతుంది, నొప్పి తిరిగొస్తుంది. ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే ముందు నొప్పి సంగతి తెలియాలి.

పట్టేయడం అంటే లోపల ఏం జరుగుతుంది?

ఇంటిపని చేసే ఒకామె వంగి నిండు బకెట్టు ఎత్తిందనుకుందాం. నడుములో కలుక్కుమంది, నిలబడలేకపోతోంది. చాలాసార్లు ఇలాంటప్పుడు ఎముక ఏదీ చోటు తప్పదు. వెన్నుపూసలను గట్టి లిగమెంట్లు, పొరలు పొరలుగా కండరాలు పట్టి ఉంచుతాయి. మామూలు ఇంటిపనికి పూస జారిపోదు. ఒక కండరమో, లిగమెంటో, పూసల మధ్యనుండే చిన్న కీలో అలవాటుకు మించి సాగి దెబ్బతింటుంది. నాడులు ఆ కబురు మోసుకెళ్ళగానే చుట్టుపక్కల కండరాలు ఆ చోటును కదలనివ్వకుండా బిగుసుకుంటాయి. మనం పట్టేసింది అనేది ఈ బిగింపునే.

మొదటి రోజుల్లో ఆ బిగింపు రక్షణే. దెబ్బ మానాక కూడా అది వదలకపోతేనే చిక్కు. నొప్పి వస్తుందన్న భయంతో మనిషి నడుము వంచడం మానేస్తాడు. వంచకపోయేసరికి కీళ్ళు బిగుస్తాయి, కండరాలు నీరసిస్తాయి, చిన్న పనికే మళ్ళీ నొప్పి లేస్తుంది. నిద్ర చాలకపోయినా, ఊళ్ళో అప్పు తీరలేదన్న దిగులున్నా నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. అంతమాత్రాన అది ఉత్తుత్తి నొప్పి అయిపోదు. అలసిన నాడీమండలం చిన్న బాధను కూడా పెద్దగా వినిపిస్తుంది.

దీనికితోడు స్కానింగు కాగితం. అందులో డిస్కు ఉబ్బింది, అరిగింది అన్న మాటలు చూసి తమ నడుము పని అయిపోయిందనుకునేవాళ్ళు ఎందరో. 2015లో వెలువడిన ఒక సమీక్ష, ఏ నొప్పీ లేనివాళ్ళ వెన్ను స్కానింగులను పరిశీలించిన అధ్యయనాలన్నింటినీ ఒకచోట చేర్చింది. 20 ఏళ్ళవాళ్ళలో 37 శాతం మందికి డిస్కు అరుగుదల, 30 శాతం మందికి డిస్కు ఉబ్బు ఉన్నాయి. 80 ఏళ్ళకు వచ్చేసరికి అవి 96, 84 శాతం. జుట్టు నెరిసినట్టే వెన్నులోనూ వయసు కనిపిస్తుందన్నమాట. కాబట్టి కాగితం మీద డిస్కు మాట ఉన్నంత మాత్రాన మీ నొప్పికి అదే కారణమని తేల్చలేం.

మిస్సోరీలో మొదలైన వైద్యం

ఆస్టియోపతిని మొదలుపెట్టినవాడు అమెరికా వైద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్. 1828లో వర్జీనియాలో పుట్టాడు. 1864లో మెదడుపొర వాపు జ్వరం ఆయన పిల్లలు ముగ్గురిని తీసుకుపోయింది. నెత్తురు తీయడం, పాదరసం మందు మింగించడం మామూలు చికిత్సలుగా చెలామణీ అయిన కాలమది. ఆ మందుల మీద నమ్మకం పోయిన స్టిల్ శరీర నిర్మాణాన్ని చదవడంలో మునిగిపోయాడు. 1874 జూన్ 22న తన కొత్త పద్ధతిని ప్రకటించాడు. మెరుపువేగంతో ఎముకలు సరిచేసేవాడినని చాటుకుంటూ ఊళ్ళు తిరిగాడు. 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో తొలి కళాశాల పెట్టాడు. ఆ మరుసటి ఏడాదే ఇటు బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. ఒళ్ళు నొప్పికి ఒకరు చేతులను నమ్ముకుంటే ఒకరు సీసాను నమ్ముకున్నారు.

ఎముకలు చోటు తప్పి రక్తప్రసారానికి అడ్డుపడటం వల్లే చాలా రోగాలు వస్తాయని స్టిల్ వాదించాడు. ఆ సిద్ధాంతం నిలబడలేదు. అయితే ఒక ఆలోచన మాత్రం బతికింది: నొప్పి ఉన్నచోటునే చూడకుండా, మనిషి మొత్తం ఎలా నిలబడుతున్నాడో, ఎలా కదులుతున్నాడో చూడాలన్నది.

తర్వాత ఆస్టియోపతి రెండు దారుల్లో నడిచింది. అమెరికాలో అది మామూలు వైద్యవిద్యలో కలిసిపోయింది. అక్కడ డీవో డిగ్రీ ఉన్నవాళ్ళు మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లల్లో ఆ చదువు చదివేవాళ్ళున్నారు. బ్రిటన్, ఐరోపాల్లో ఆస్టియోపాత్ అంటే ప్రధానంగా చేతులతో చికిత్స చేసే నిపుణుడు. బ్రిటన్ 1993లో చట్టం చేసి, రిజిస్టరులో పేరు లేనివాళ్ళు ఆ పేరు వాడకూడదని కట్టడి చేసింది. ఫ్రాన్సు 2002లో గుర్తింపునిచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో శిక్షణా ప్రమాణాలు ప్రచురించింది. వైద్యనేపథ్యం లేనివాళ్ళకు 4,200 గంటల చదువు, అందులో కనీసం 1,000 గంటలు పర్యవేక్షణలో రోగులను చూడటం ఉండాలన్నది ఆ ప్రమాణం. నాలుగు వారాంతాల్లో నేర్చుకున్న సర్టిఫికెట్టు గోడకు తగిలించుకున్నవాళ్ళకూ, ఈ చదువు చదివినవాళ్ళకూ తేడా ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది.

చికిత్స గదిలో

మొదటిసారి వెళ్ళినప్పుడు ఎక్కువ సమయం మాటలకే పోవాలి. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే పెరుగుతుంది, రాత్రిళ్ళు లేపుతుందా, కాలిలోకి దిగుతుందా, తిమ్మిర్లున్నాయా, షుగరు, బీపీ ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు, పని ఎలాంటిది: ఇవన్నీ అడగాలి. తర్వాత నిలబెట్టి, వంచి, తిప్పి చూస్తారు. చేతులతో తడుముతూ ఏ కండరం గట్టిపడింది, ఏ కీలు సరిగా కదలడం లేదు అన్నది గమనిస్తారు. మోకాలిమీద సుత్తితో కొట్టి నాడులను పరీక్షిస్తారు. ఇవేవీ లేకుండా నేరుగా మంచమెక్కించి మెడ తిప్పేవాళ్ళ దగ్గరనుంచి లేచి వచ్చేయడమే మంచిది.

చికిత్సలో నాలుగైదు పద్ధతులుంటాయి. తేలికైనది గట్టిపడిన కండరాన్ని నిదానంగా ఒత్తుతూ సాగదీయడం. రెండోది కీలును దాని హద్దుల్లోనే మెల్లగా, లయగా కదిలించడం. బిగుసుకున్న భుజానికి దీన్ని ఎక్కువగా వాడతారు.

మూడోదానిలో రోగి కూడా పని చేయాలి. గత శతాబ్దం మధ్యలో ఫ్రెడ్ మిచెల్ అనే అమెరికా వైద్యుడు దీన్ని రూపొందించాడు. మెడ కుడివైపుకు తిరగడం లేదనుకోండి. తిరిగినంతవరకు తిప్పి, అక్కడ చికిత్సకుడు చెంపకు చెయ్యి ఆనిస్తాడు. మీరు ఆ చేతిమీద ఎడమవైపుకు కొద్దిపాటి బలంతో నాలుగైదు సెకన్లు నెట్టాలి. తర్వాత వదిలేయాలి. వదిలిన క్షణంలో కండరం కాస్త సడలుతుంది, మెడ ఇంకొంచెం తిరుగుతుంది. ఇలా మూడు నాలుగుసార్లు. కీలు విరిచే చప్పుడు ఉండదు, ప్రమాదమూ తక్కువ. ఇంటికెళ్ళాక మీ చేత్తో మీరే చేసుకునే వీలుంది.

నాలుగోది 1955లో లారెన్స్ జోన్స్ అనే వైద్యుడికి అనుకోకుండా దొరికింది. నడుము నొప్పితో నిద్రపట్టని ఒక రోగికి హాయిగా అనిపించే భంగిమ వెతికి, అందులోనే కొంతసేపు పడుకోబెట్టి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే ఆ మనిషి నిటారుగా నిలబడగలిగాడు. దాన్నుంచి, నొప్పి పుట్టే బిందువును పట్టుకుని, ఆ నొప్పి తగ్గే భంగిమలో శరీరాన్ని దాదాపు 90 సెకన్లు ఉంచే పద్ధతి వచ్చింది.

అయిదోది అందరికీ తెలిసిన టక్ మనే విరుపు. చిన్న దూరం, ఎక్కువ వేగం. ఆ చప్పుడు వినగానే పూస తన చోటికి వచ్చిందని సంతోషిస్తాం. కీలులోని జిగురు ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి వాయువు బుడగలా ఏర్పడటం వల్ల ఆ చప్పుడు వస్తుంది. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో వేలి మెటిక విరుస్తుండగా ఎంఆర్ఐ తీసి ఆ ఖాళీ ఏర్పడటాన్ని చూపించారు. మెటికలు విరిస్తే కీళ్ళవాతం వస్తుందని పెద్దలు బెదిరిస్తారు కదా, డొనాల్డ్ ఉంగర్ అనే అమెరికా వైద్యుడు ఎడమచేతి మెటికలు మాత్రమే 60 ఏళ్ళకు పైగా విరుచుకుని, రెండు చేతుల్లోనూ కీళ్ళవాతం లేదని తేల్చాడు. 2009లో ఆయనకు, వింత పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చి నవ్వుకున్నారు. చప్పుడు వల్ల కీడు లేదు, చప్పుడు వచ్చిందంటే వైద్యం ఫలించిందన్న గుర్తూ లేదు.

ఇక తల ఎముకలను సున్నితంగా తాకి లోపలి ద్రవ ప్రవాహాన్ని సరిచేస్తామనీ, పొట్టమీద ఒత్తి లోపలి అవయవాలను సర్దుతామనీ చెప్పే శాఖలున్నాయి. వాటికి గట్టి ఆధారం లేదు. కండరాల నొప్పికి వెళ్ళినవాళ్ళు వాటి మీద డబ్బు పెట్టనక్కర్లేదు.

మేలు ఎలా జరుగుతుంది, ఎంత జరుగుతుంది?

చేతి స్పర్శ, కీలు కదలిక వెన్నుపాములోకి కొత్త కబుర్లు పంపుతాయి. వాటి జోరులో నొప్పి కబురు కాసేపు వెనకబడుతుంది. దెబ్బ తగిలినచోట మనం తెలియకుండానే రుద్దుకునేది అందుకే. బిగుసుకున్న కండరం సడలుతుంది. ఒకరు శ్రద్ధగా విని, కంగారు పడాల్సిందేమీ లేదని చెప్పి, నొప్పి లేకుండా నడుము వంచి చూపిస్తే భయం తగ్గుతుంది. ఆ నమ్మకం వల్ల కలిగే ఉపశమనం కూడా నిజమైనదే. కానీ వీటిలో ఏదీ ఎముకను కొత్తచోట బిగించదు, అరిగిన మోకాలి గుజ్జును తిరిగి తేదు.

ఎంత మేలన్న ప్రశ్నకు అధ్యయనాలున్నాయి. 1999లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అమెరికా అధ్యయనం 178 మంది నడుము నొప్పి రోగులను తీసుకుంది. 12 వారాల తర్వాత ఆస్టియోపతి చేయించుకున్నవాళ్ళూ, మామూలు వైద్యం పొందినవాళ్ళూ దాదాపు సమానంగా కోలుకున్నారు. అయితే ఆస్టియోపతివాళ్ళకు మందులు తక్కువ పట్టాయి. 2004లో బ్రిటన్‌లో 1,334 మందితో చేసిన అధ్యయనంలో వెన్నుకు చేతి చికిత్స వల్ల మూడు నెలలకు కొంత మేలు, ఏడాదికి అంతకన్నా తక్కువ మేలు కనిపించాయి. 2013లో టెక్సాస్‌లో 455 మందితో చేసినదాంట్లో దీర్ఘకాలపు నడుము నొప్పి చెప్పుకోదగినంత తగ్గింది. 2021లో ఫ్రాన్సులో 400 మందితో మరింత కట్టుదిట్టంగా చేశారు. ఒక జట్టుకు అసలు ఆస్టియోపతి, ఇంకో జట్టుకు అలాగే అనిపించే ఉత్తుత్తి స్పర్శ. అసలు చికిత్స పొందినవాళ్ళకు పనులు చేసుకోవడంలో కాస్త మేలు జరిగింది గానీ అది రోగి గట్టిగా గుర్తించేంత పెద్దది కాదు.

నాలుగింటినీ కలిపి చూస్తే మేలు ఉంది, అది చిన్నది, మధ్యస్థం కంటే పైకి పోదు. అందుకే బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు 2016లో ఒక షరతు పెట్టాయి: నడుము నొప్పికి చేతి చికిత్స ఇవ్వవచ్చు, అయితే వ్యాయామంతో కలిపి మాత్రమే. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాల నడుము నొప్పికి వ్యాయామం, అవగాహన, వెన్నుకు చేతి చికిత్స, మర్దన వంటివాటిని సూచించింది. మనవాళ్ళు ఎంతో నమ్మే నడుము బెల్టునూ, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌నూ మామూలుగా వాడొద్దంది. లోకంలో 2020 నాటికి 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉందని, 2050కి అది 84.3 కోట్లకు చేరుతుందని లాన్సెట్ రుమటాలజీలో వచ్చిన అంచనా. ఇంతమందికి చేతులతోనే వైద్యం చేయడం ఎవరి తరమూ కాదు. వాళ్ళలో ఎక్కువమంది తమంతట తాము కదలడం నేర్చుకోవాల్సిందే.

నొప్పినిబట్టి ఫలితం మారుతుంది. కొత్తగా పట్టేసిన నడుము, మెడలకు చేతి చికిత్స త్వరగా ఊరటనిస్తుంది, కానీ అవి చాలావరకు ఆరువారాల్లో వాటంతటవే సర్దుకుంటాయి. మోకాళ్ళ అరుగుదలకు తొడ కండరాల బలం, బరువు తగ్గడం ముఖ్యం. చేతుల పాత్ర చిన్నది. భుజం బిగుసుకుపోవడం షుగరు ఉన్నవాళ్ళలో ఎక్కువ. అది నెలల తరబడి సాగుతుంది, షుగరు అదుపు చేయకుండా భుజాన్ని మాత్రమే ఒత్తించుకుంటే సరిపోదు. ఎండ కాసే గల్ఫ్ దేశాల్లోనే విటమిన్ డి లోపం ఎక్కువ, ఎందుకంటే పగలంతా గోడల మధ్యే గడుస్తుంది. ఎముకలు, కండరాలు ఒళ్ళంతా సలుపుతుంటే ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆ లోపానికి మందే వైద్యం.

చేతులు పెట్టనివ్వకూడని సందర్భాలు

కింది లక్షణాల్లో ఏది ఉన్నా ఆస్టియోపాత్ దగ్గరకు కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, మూత్రం రాకపోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాలు ఈడ్చుకుపోతున్నా అది అత్యవసరం. వెన్నులోని నాడుల గుత్తి నలుగుతుండవచ్చు, గంటలు కూడా విలువైనవే.

సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు నిద్రపోనివ్వని నడుము నొప్పి కలిసి ఉంటే వెన్ను క్షయను అనుమానించాలి. మన దేశం నుంచి వచ్చినవాళ్ళలో ఇది అసాధ్యమేమీ కాదు. క్యాన్సరు చరిత్ర ఉన్నవాళ్ళు, ఎత్తునుంచి పడ్డవాళ్ళు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్ళు, ఎముకలు గుల్లబారినవాళ్ళు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు డాక్టరు చూడకుండా విరుపు చేయించుకోకూడదు. యువకుల్లో పొద్దున్నే అరగంటకు పైగా నడుము బిగుసుకుపోయి, తిరుగుతుంటే తగ్గుతుందంటే అది వాపుతో కూడిన కీళ్ళవాతం కావచ్చు. దానికి ప్రత్యేక మందులున్నాయి.

ఎడమ భుజం, దవడ లాగుతూ ఛాతీ బరువెక్కి చెమటలు పడితే కండరం అనుకుని బామ్ రాయకండి. కువైట్‌లో అత్యవసర నంబరు 112.

మెడ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మెడను హఠాత్తుగా తిప్పితే మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం రావడం అరుదైనదే, కానీ జరుగుతుంది. క్షవరం తర్వాత తల పట్టుకుని రెండువైపులా విరిచే సెలూన్ అలవాటుకు వద్దు అని చెప్పడం నేర్చుకోవాలి. 2022లో హైదరాబాద్‌లో సెలూన్‌లో తల వెనక్కి వాల్చి కడిగించుకుంటుండగా ఒక మహిళకు పక్షవాతం వచ్చిందన్న వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. చికిత్సకుడు మెడ విరుస్తానన్నా, నిదానమైన పద్ధతులే చేయమని అడిగే హక్కు మీది. ఏ చేతి చికిత్స తర్వాతైనా ఒకటి రెండు రోజులు ఒళ్ళు సలుపుతుంది. అది మామూలే. తలతిరుగుడు, మాట తడబాటు, వస్తువులు రెండుగా కనిపించడం మాత్రం మామూలు కాదు.

ఎముక విరిగినప్పుడు కట్టు వైద్యుడి దగ్గరకు పరుగెత్తడం మన రాయలసీమవాళ్ళకు అలవాటు. ఎక్స్‌రే లేకుండా ఎవరిచేతా లాగించుకోకండి. ఆస్టియోపతి విరిగిన ఎముకలకు వైద్యం కాదు.

ఫింటాస్‌లో ఉన్నవాళ్ళు ఎలా మొదలుపెట్టాలి?

మొదటి మెట్టు ప్రాంతపు ప్రభుత్వ పాలీక్లినిక్కే. ఫింటాస్‌లో అది ఉంది. బతాకా (సివిల్ ఐడీ కార్డు) తీసుకుని వెళ్ళాలి. అవసరమైతే అక్కడినుంచి అదాన్ ఆసుపత్రికి రాస్తారు. ఎముకల కోసం ప్రత్యేకంగా సబా వైద్య ప్రాంతంలో అల్ రాజీ ఆసుపత్రి ఉంది. ప్రమాద లక్షణాలు లేవని తేలాక ఫిజియోథెరపీ గురించి అడగండి. చాలా నొప్పులకు అది చాలు. ఆస్టియోపతిలో దీనికి మించిన అద్భుతమేదీ లేదు. కొన్ని పద్ధతులు రెండింటిలోనూ ఒకటే.

ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళదలిస్తే మూడు ప్రశ్నలు. కువైట్ ఆరోగ్య మంత్రిత్వశాఖ లైసెన్సు ఉందా? ఎక్కడ, ఎన్నేళ్ళు చదివారు? ఎన్నిసార్లు రావాలి, దేన్నిబట్టి మేలు కొలుస్తారు? మొదటి రోజే 20 సార్లకు ముందస్తు డబ్బు కట్టమనేవాళ్ళను, బీపీ, షుగరు, పిల్లలు పుట్టకపోవడం అన్నింటినీ వెన్ను సర్ది నయం చేస్తామనేవాళ్ళను నమ్మొద్దు. భాష రాకపోతే తెలిసినవాళ్ళను వెంట తీసుకెళ్ళండి. ఆడవాళ్ళు ఆడ చికిత్సకురాలిని అడగవచ్చు, గదిలో తోడు ఉంచుకోవచ్చు.

నొప్పి బిళ్ళల సంగతి కూడా ఒక మాట. ఊరినుంచి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ రోజూ వేసుకుంటే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండల్లో పనిచేస్తూ ఆ బిళ్ళలు మింగడం చాలా చెడ్డ అలవాటు. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 దాకా ఆరుబయట పని చేయించకూడదన్న నిబంధన ఉన్నది కూడా ఇందుకే.

విశ్రాంతి కూడా వైద్యంలో భాగమే, దానికి చట్టం అండ ఉంది. ఇంటిపనివాళ్ళ కోసం వచ్చిన 2015 నాటి 68వ నంబరు చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదంటుంది. వారానికో రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలంటుంది. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు 2010 నాటి 6వ నంబరు చట్టం ప్రకారం డాక్టరు కాగితం ఉంటే ఏడాదిలో మొదటి 15 రోజులు పూర్తి జీతంతో జబ్బు సెలవు దొరుకుతుంది. సెలవు దొరికింది కదా అని మంచానికి అతుక్కుపోవద్దు. 1995లో ఫిన్లాండ్‌లో హెల్సింకి నగర ఉద్యోగుల మీద చేసిన అధ్యయనంలో, నడుము పట్టేసినప్పుడు రెండు రోజులు మంచం దిగనివాళ్ళకన్నా ఓర్చుకోగలిగినంతలో రోజువారీ పనులు చేసుకున్నవాళ్ళే త్వరగా కోలుకున్నారు.

చేతులు ఇచ్చిన ఊరటను నిలబెట్టుకోవడం

డ్రైవర్లు సీటును స్టీరింగుకు దగ్గరగా జరుపుకోవాలి, నడుము వంపులో చుట్టిన తువ్వాలు పెట్టుకోవాలి. యజమానులైన బాబానో మామనో దించి ఎదురుచూసే సమయంలో బండి దిగి అయిదు నిమిషాలు నడవాలి. ఏసీ గాలి నేరుగా మెడమీద పడకుండా తిప్పుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది.

ఇంటిపని చేసేవాళ్ళు నేల తుడిచేటప్పుడు పొడవు కర్ర ఉన్న మాప్ అడిగి తీసుకోవాలి, నడుముతో కాక కాళ్ళతో ముందుకు వెనక్కు జరుగుతూ తుడవాలి. బకెట్టు సగమే నింపి రెండుసార్లు మోయడం మేలు. ముసలివాళ్ళను మంచం మీదనుంచి లేపేటప్పుడు దూరంనుంచి లాగకుండా ఒంటికి దగ్గరగా పట్టుకుని, మోకాళ్ళు వంచి, ఇద్దరు కలిసి లేపాలి. ఇస్త్రీ బల్ల నడుము ఎత్తుకు ఉంచుకోవాలి. వంటవాళ్ళు ఒక కాలు చిన్న పీట మీద పెట్టి, కాసేపటికి కాలు మార్చుకుంటే నడుముకు భారం తగ్గుతుంది.

రోజుకు పది నిమిషాల కసరత్తు చాలు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం తొడలకు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం వెన్నుకు. గోడకు రెండు చేతులు ఆనించి ముందుకు వెనక్కు ఊగడం భుజాలకు. మెట్టు అంచున నిలబడి మడమలు కిందికి దించడం పిక్కలకు, మడమలకు. పొద్దుగూకాక సముద్రం ఒడ్డున అరగంట నడక అన్నింటికీ. కసరత్తు చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉన్నా పర్వాలేదు, మర్నాటికి అది తగ్గిపోవాలి. తగ్గకపోతే సగానికి కుదించండి, మానేయకండి.

చికిత్సకు వెళ్ళేముందు ఒక కాగితం మీద మూడు పనులు రాసుకోండి: ఇప్పుడు చేయలేకపోతున్నవి, మళ్ళీ చేయాలనుకుంటున్నవి. వంగి చెప్పులు తొడుక్కోవడం, గంటసేపు కూర్చుని బండి నడపడం, నిద్రలో పక్కకు తిరగడం లాంటివి. మూడు నాలుగుసార్లు వెళ్ళాక ఆ కాగితం తీయండి. వాటిలో ఒకటైనా తేలికైతే, కసరత్తు సాగిస్తూ మరికొన్నిసార్లు వెళ్ళవచ్చు. ఒక్కటీ మారకపోతే అక్కడితో ఆపి డాక్టరు దగ్గరకు తిరిగి వెళ్ళండి. కారణం వేరే ఉండవచ్చు, ఆ మిగిలిన దినార్లు దాన్ని కనిపెట్టే పరీక్షలకు పనికొస్తాయి.